ఇంట్లో రికార్డింగ్‌కు మిడి కీబోర్డు: ఏది ఎంచుకోవాలి, ఎలా అమర్చుకోవాలి

కడపలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ చర్చి పాటలకు, భజన మండళ్లకు, పెళ్లి ఆర్కెస్ట్రాలకు కీబోర్డు వాయించేవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలు రెండు. మొదటిది, "మిడి కీబోర్డు కొనాలనుకుంటున్నాను, ఏది మంచిది?" రెండోది కొన్న తరువాత వస్తుంది. "లాప్‌టాప్‌కు తగిలించాను, లైట్లు వెలుగుతున్నాయి, శబ్దం మాత్రం రావడం లేదు. పాడైపోయిందా?" దాదాపుగా ఎప్పుడూ అది పాడై ఉండదు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకేచోట దొరకాలని ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. మిడి కీబోర్డులో శబ్దం లేదు. అందులో స్పీకరు ఉండదు, పియానో ఉండదు, వయొలిన్ ఉండదు. మీరు ఏ కీ నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న సమాచారం మాత్రమే తీగ గుండా కంప్యూటర్‌కు వెళుతుంది. అది స్వరలిపి పుస్తకం లాంటిది. పుస్తకం పాడదు, దాన్ని చూసి పాడేవాళ్లు కావాలి. ఆ పని కంప్యూటర్‌లో ఉండే వాద్యం సాఫ్ట్‌వేర్ చేస్తుంది. వేర్వేరు కంపెనీల సింథసైజర్లు ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలని 1983లో కుదిరిన పద్ధతే మిడి. ప్రతి కీకి 0 నుంచి 127 వరకు ఒక అంకె, నొక్కిన బలానికి కూడా 127 వరకు ఒక అంకె. మధ్యలో ఉండే సి కీ అంకె 60. సిద్ధాంతం ఇంతటితో చాలు.

దీనివల్ల మనకు ఒక మేలు ఉంది. మైకు లేదు కనుక మే నెల మధ్యాహ్నం ఫ్యాను తిరుగుతున్నా, బయట ఆటో హారన్ మోగుతున్నా మీ రికార్డింగ్‌లో ఏమీ పడదు. ఇంట్లో ప్రత్యేకమైన గది లేనివాళ్లు మైకు కన్నా ముందు మిడితో మొదలుపెట్టడం మంచిదని అందుకే చెబుతాను.

ఏమేం కావాలి

- మిడి కీబోర్డు, దానితో వచ్చిన యూఎస్‌బీ తీగ.
- లాప్‌టాప్ లేదా కంప్యూటర్. 8 జీబీ ర్యామ్‌తో పని మొదలుపెట్టవచ్చు. పెద్ద తంత్రీవాద్య బృందాల శబ్దాలు వాడాలంటే 16 జీబీ ఉండాలి. పాత హార్డ్ డిస్కు ఉంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, తేడా వెంటనే తెలుస్తుంది.
- తీగ ఉన్న హెడ్‌ఫోన్. బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో ఈ పని కాదు. కీ నొక్కాక శబ్దం ఆలస్యంగా వినిపిస్తుంది.
- రికార్డింగ్ సాఫ్ట్‌వేర్. విండోస్‌లో రీపర్ 60 రోజులు పూర్తి సౌకర్యాలతో పరీక్షించి చూసుకోవచ్చు, ఆ తరువాత కొనాలి. వేవ్‌ఫామ్ ఫ్రీ ఉచితం. మ్యాక్, ఐప్యాడ్ ఉన్నవాళ్లకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగానే వస్తుంది. చాలా కీబోర్డులతో పాటు ఏబుల్టన్ లైవ్ లైట్ కూడా ఇస్తారు.
- ఆడియో ఇంటర్‌ఫేస్. మైకును, హెడ్‌ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె ఇది. గొంతు కూడా రికార్డు చేయాలంటే తప్పనిసరి. కీబోర్డు ఒక్కటే అయితే మొదట్లో లేకపోయినా నడుస్తుంది.
- సస్టెయిన్ పెడల్, అంటే కీ వదిలాక కూడా స్వరం మోగుతూ ఉండేలా కాలితో తొక్కేది. పియానో పద్ధతిలో వాయించేవాళ్లకు మాత్రమే.

రెండు హెచ్చరికలు. ఆడాసిటీలో మిడి కీబోర్డును రికార్డు చేయలేరు, అది ఆడియో కోసం చేసింది. ఎఫ్‌ఎల్ స్టూడియో ఉచిత పరీక్షా రూపంలో పాట చేయవచ్చు గానీ, సేవ్ చేసిన ప్రాజెక్టును కొనేవరకు మళ్లీ తెరవలేరు. ఈ సంగతి తెలియక రాత్రంతా కూర్చుని చేసిన పాట చేజారినవాళ్లు ఉన్నారు.

కొనేముందు ఇది చూడండి: మీ దగ్గర ఇప్పటికే ఉందేమో

ఇంట్లో యమహా, కాసియో, రోలాండ్ కీబోర్డు ఉందా? వెనుక వైపు చూడండి. ప్రింటరుకు ఉండే చదరపు యూఎస్‌బీ రంధ్రం ఉండి, పక్కన 'టు హోస్ట్' అనో 'కంప్యూటర్' అనో రాసి ఉంటే, సొంత శబ్దం ఉన్నా అది మిడి కీబోర్డుగా కూడా పనిచేస్తుంది. కొత్తది కొనకండి, ఆ డబ్బు ఇంటర్‌ఫేస్‌కు పెట్టండి. పక్కనే పెన్ డ్రైవ్ పెట్టే వెడల్పాటి రంధ్రం కూడా ఉండవచ్చు. అది కంప్యూటర్‌కు కలపడానికి కాదు. చాలామంది తీగను అందులోకి దూర్చి చూసి, పనిచేయడం లేదంటారు.

పాత కీబోర్డులో అయిదు పిన్నుల గుండ్రటి రంధ్రాలు మాత్రమే ఉంటే యూఎస్‌బీ మిడి తీగ కొనాలి. తీగకు 'ఇన్' అని రాసి ఉన్న కొసను కీబోర్డు 'అవుట్'లో పెట్టండి. పనిచేయకపోతే రెండు కొసలూ మార్చి చూడండి, కొన్ని తీగల మీద పేర్లు తిరగేసి రాస్తారు. మరీ చవక తీగలు వేగంగా వాయించినప్పుడు స్వరాలు మింగేస్తాయి.

ఇలాంటి కీబోర్డులతో ఒక చిక్కు ఉంది. కీబోర్డు తన సొంత శబ్దం వినిపిస్తుంది, కంప్యూటర్ కూడా వినిపిస్తుంది, రెండూ కలిసి గజిబిజి అవుతుంది. కీబోర్డు ఫంక్షన్ మెనూలో 'లోకల్ కంట్రోల్' ఆఫ్ చేయండి. ఆ సౌకర్యం లేకపోతే కీబోర్డు వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. స్టైల్, అంటే కీబోర్డు తానే వాయించే తాళం, మాత్రం ఆన్ చేయకండి. డ్రమ్స్, బేస్, కార్డ్స్ అన్నీ వేర్వేరు ఛానళ్లలో ఒకేసారి వచ్చి ఒకే ట్రాకులో కలిసిపోతాయి.

ఏది ఎంచుకోవాలి

బ్రాండు తరువాత. ముందు టేపు తీసుకుని బల్ల కొలవండి. పూర్తి సైజు కీలు అయితే ఒక స్థాయి, అంటే సి నుంచి బి వరకు ఏడు తెల్ల కీలు, దాదాపు 16.5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ లెక్కన కీలకే 49 కీల కీబోర్డుకు 68 సెంటీమీటర్లు, 61 కీలకు 85, 88 కీలకు 122 పడతాయి. ఎడమ పక్కన ఉండే చక్రాలకు, చట్రానికి మరికొంత కలపండి. మన ఇళ్లలో గోడకు కడప బండతో వేసిన అరల మీద పెట్టాలనుకుంటే పొడవు కన్నా లోతు చూసుకోండి. ముందు కీబోర్డు, దాని వెనుక లాప్‌టాప్ పట్టాలి. పాలిషు చేసిన బండ మీద కీబోర్డు జారుతుంది, కింద రబ్బరు చాప వేయండి.

కీల సంఖ్య విషయంలో నా మాట సూటిగా చెబుతాను. ఎక్కువమందికి 49 సరిపోతుంది. నాలుగు స్థాయిలు ఉంటాయి, ఎడమచేత్తో కార్డ్ పట్టుకుని కుడిచేత్తో పాట వాయించవచ్చు. స్టేజీ మీద రెండు చేతులతో వాయించే అలవాటు ఉన్నవాళ్లకు 61 కావాలి, తక్కువైతే చేయి అంచుకు తగులుతుంది. 88 పియానో నేర్చుకున్నవాళ్లకే. 25 చిన్న కీలవి బీట్లు వేయడానికి, ప్రయాణంలో స్వరం గుర్తుపెట్టుకోవడానికి బాగుంటాయి. హార్మోనియం మీద వేళ్లు అలవాటైనవాళ్లకు ఆ సన్నటి కీలు మొదట్లో చాలా ఇబ్బంది పెడతాయి.

కీల స్పర్శ మూడు రకాలు. స్ప్రింగుతో తేలిగ్గా కదిలేవి ఒకటి, కొంచెం బరువుండేవి రెండోది, పియానోలాగా సుత్తి బరువుతో ఉండేవి మూడోది. మన ఆర్కెస్ట్రా కీబోర్డులు మొదటి రకం. ఆ అలవాటు ఉన్నవాళ్లు మొదటి రెండింటిలో ఒకటి తీసుకోండి. బరువు కీల మీద వేగంగా సంగతులు వేయడం కష్టం, వేళ్లు అలిసిపోతాయి. ఏ రకమైనా 'వెలాసిటీ సెన్సిటివ్' అని ఉండాలి. అంటే మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలకాలి.

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని భాగం, పిచ్ బెండ్ చక్రం. కీ నొక్కి ఉంచి దీన్ని తిప్పితే స్వరం పైకో కిందికో జారుతుంది. కొనేవాళ్ల చూపు రంగురంగుల ప్యాడ్ల మీద, నాబుల మీద పడుతుంది. మన సంగీతానికి అవి కాదు ప్రాణం, ఎడమ పక్కన ఉండే ఆ చక్రమే. తోడిలో గాంధారాన్ని కదలిక లేకుండా కీ నొక్కి పట్టుకుంటే అది తోడి కాదు. సాధారణ గాంధారం నొక్కి, చక్రాన్ని కిందికి తిప్పితే శుద్ధ రిషభం వైపు, పైకి తిప్పితే శుద్ధ మధ్యమం వైపు వెళ్లాలి. కీల లెక్కలో ఇటు రెండు అర స్వరాలు, అటు రెండు. చాలా వాద్యాల సాఫ్ట్‌వేర్లలో పిచ్ బెండ్ పరిధి మొదటే రెండు అర స్వరాలుగా ఉంటుంది, కాబట్టి ఆ ఊపుకు సరిగ్గా సరిపోతుంది. వేణువు, వయొలిన్ శబ్దాలతో అన్నమయ్య కీర్తనో, పద్యమో వాయించాలనుకునేవాళ్లకు ఇది లేకుండా పని జరగదు.

అందుకే నిజమైన చక్రాలు ఉన్నదే తీసుకోండి. ఆర్టూరియా మినీల్యాబ్ 3లో చక్రాల బదులు వేలితో రాసే పట్టీలు ఉంటాయి, అకాయ్ ఎంపీకే మినీ ఎంకే3లో చిన్న జాయ్‌స్టిక్ ఉంటుంది. రెండూ మంచి పరికరాలే, కానీ నెమ్మదైన గమకానికి చక్రం మీద ఉండే పట్టు వాటి మీద దొరకదు. కొన్ని చవక కీబోర్డుల్లో బెండ్‌కు కేవలం రెండు బటన్లు ఉంటాయి. అవి వద్దే వద్దు.

హంగులు అక్కర్లేనివాళ్లకు ఎం-ఆడియో కీస్టేషన్ 49 లాంటిది సరిపోతుంది. పూర్తి సైజు కీలు, రెండు చక్రాలు, కొద్దిపాటి బటన్లు, అంతే. ప్యాడ్లతో డోలు, తబలా దెబ్బలు వేయాలనుకుంటే నోవేషన్ లాంచ్‌కీ 49, నెక్టార్ ఇంపాక్ట్ ఎల్ఎక్స్49 ప్లస్, ఆర్టూరియా కీల్యాబ్ ఎసెన్షియల్ 49 చూడండి. బ్లూటూత్‌తో పనిచేసే కీబోర్డులు కూడా ఉన్నాయి, కానీ విండోస్‌లో వాటిని కలపడం తలనొప్పి. తీగతో వచ్చేదే తీసుకోండి.

వీలైతే వేళ్లు పెట్టి చూసి కొనండి. అనంతపురం వాళ్లకు బెంగళూరు, కర్నూలు వాళ్లకు హైదరాబాద్ 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. కడప వాళ్లు వేరే పని మీద చెన్నై వెళ్లినప్పుడు చూసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె తెరిచేటప్పుడు సీలు దగ్గరి నుంచి ఆపకుండా వీడియో తీయండి, వెనక్కి పంపాల్సి వస్తే అదే ఆధారం. వాడినది కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. కీబోర్డుతో ఉచితంగా వచ్చే సాఫ్ట్‌వేర్ మొదటి యజమాని పేరు మీద నమోదై ఉంటే మీకు రాకపోవచ్చు. ధర మాట్లాడేటప్పుడే అడగండి.

అమర్చే పద్ధతి

కింద చెప్పేది విండోస్, రీపర్ ప్రకారం. వేరే సాఫ్ట్‌వేర్‌లో మెనూల పేర్లు మారతాయి, వరుస మారదు. కీబోర్డు, కంప్యూటర్, ట్రాకు, వాద్యం, హెడ్‌ఫోన్ అని ఈ అయిదూ గొలుసుగా కలవాలి. ఒక్కో కొక్కెం సరిచూసుకున్నాకే తరువాతి దానికి వెళ్లండి.

1. కీబోర్డును లాప్‌టాప్‌కు నేరుగా కలపండి. నాలుగు రంధ్రాల చవక హబ్బు మధ్యలో వద్దు, కరెంటు చాలక కీబోర్డు మధ్యలో ఆగిపోతుంది. డబ్బాతో వచ్చిన తీగే వాడండి. ఫోను చార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగలు ఉంటాయి, వాటితో లైట్లు వెలుగుతాయి కానీ సమాచారం వెళ్లదు. "లైట్లు ఉన్నాయి, శబ్దం లేదు" అన్న ఫిర్యాదుకు తరచుగా దొరికే కారణాల్లో ఇదొకటి.

2. విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, సౌండ్, వీడియో అండ్ గేమ్ కంట్రోలర్స్ కింద చూడండి. కీబోర్డు పేరో, యూఎస్‌బీ ఆడియో డివైస్ అనో కొత్తగా కనిపించాలి. కొత్త కీబోర్డులు ఎక్కువగా డ్రైవరు, అంటే పరికరాన్ని కంప్యూటర్ గుర్తించేలా చేసే ప్రోగ్రామ్, విడిగా వేయకుండానే పనిచేస్తాయి. ఏమీ కనిపించకపోతే తీగ మార్చండి, రంధ్రం మార్చండి. అప్పటికీ లేకపోతే తయారీ కంపెనీ సైటులో మీ మోడల్ డ్రైవరు వెతకండి.

3. రీపర్‌లో ఆప్షన్స్, ప్రిఫరెన్సెస్, ఆడియో, డివైస్‌కు వెళ్లండి. ఇంటర్‌ఫేస్ ఉంటే ఆడియో సిస్టమ్ దగ్గర ఏసియో (శబ్దం ఆలస్యం తగ్గించే పద్ధతి) ఎంచుకుని, దాని డ్రైవరు పెట్టండి. ఇంటర్‌ఫేస్ లేకపోతే ఏసియో4ఆల్ అనే ఉచిత డ్రైవరు వేసుకోండి, లేదా విండోస్‌లోనే ఉండే వాసాపి ఎంచుకోండి. పాట మాత్రమే అయితే శాంపుల్ రేటు 44100, వీడియోకు అయితే 48000. బ్లాక్ సైజు, అంటే బఫర్, శబ్దాన్ని కంప్యూటర్ ఒక్కోసారి ఎంత ముక్కగా పంపాలో చెబుతుంది. మొదట 256 పెట్టండి.

4. అదే ప్రిఫరెన్సెస్‌లో మిడి ఇన్‌పుట్స్ తెరవండి, పాత రూపాల్లో ఇది మిడి డివైసెస్ అని ఉంటుంది. కీబోర్డు పేరు మీద కుడి క్లిక్ చేసి ఎనేబుల్ ఇన్‌పుట్ ఇవ్వండి. కొన్ని కీబోర్డులు రెండు పేర్లతో కనిపిస్తాయి. ఒకటి కీల కోసం, రెండోది ప్లే, స్టాప్ బటన్ల కోసం. మామూలుగా మిడి అని ఉన్నది కీలది.

5. ఇన్సర్ట్ మెనూలో వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ ఆన్ న్యూ ట్రాక్ నొక్కి, రీపర్‌తో పాటే వచ్చే రియాసింథ్ ఎంచుకోండి. శబ్దం అంత బాగుండదు. అయినా మొదట ఇదే పెట్టండి, ఎందుకంటే ఇందులో లోడ్ కావాల్సిన ఫైళ్లు లేవు. ఇది పలికితే గొలుసంతా సరిగ్గా ఉన్నట్టు.

6. ట్రాకు మీద ఎర్ర రికార్డ్ బటన్ వెలిగి ఉందా? ఇన్‌పుట్ దగ్గర మిడి, ఆల్ ఇన్‌పుట్స్, ఆల్ ఛానల్స్ ఉందా? మానిటరింగ్, అంటే వాయిస్తుండగానే వినిపించేది, ఆన్‌లో ఉందా? మూడూ ఉంటే ఒక కీ నొక్కండి. ట్రాకు మీద మీటరు ఎగరాలి, శబ్దం వినిపించాలి. మీటరు ఎగిరి శబ్దం రాకపోతే లోపం హెడ్‌ఫోన్ వైపు ఉంది, 3వ మెట్టుకు వెనక్కి వెళ్లండి. మీటరే కదలకపోతే లోపం కీబోర్డు వైపు ఉంది, 4వ మెట్టు చూడండి.

7. ఇప్పుడు ఆలస్యం పరీక్ష. గదిలో నిశ్శబ్దం చేసి, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి. ఒక కీని వేలితో గట్టిగా, పొట్టిగా కొట్టండి. ఖాళీ చెవికి ప్లాస్టిక్ 'టక్' వినిపిస్తుంది, రెండో చెవికి స్వరం వినిపిస్తుంది. రెండూ ఒకే దెబ్బగా ఉంటే సరే. 'టక్' ముందు, స్వరం తరువాత విడివిడిగా వినిపిస్తే బఫర్ తగ్గించాలి. 44100 మీద 1024 బఫర్ అంటే 23 మిల్లీసెకండ్లు, 512 అంటే 11.6, 256 అంటే 5.8, 128 అంటే 2.9. డ్రైవరు దీనికి మరికొంత కలుపుతుంది. మరీ తగ్గిస్తే చిటచిట శబ్దాలు మొదలవుతాయి. అవి రాని అతి తక్కువ అంకె దగ్గర ఆగండి. వాయించేటప్పుడు 128, అన్నీ అయ్యాక మిక్సింగ్‌కు 1024 పెట్టుకోవచ్చు.

8. మంచి శబ్దాలు వేసుకోండి. స్పిట్‌ఫైర్ ల్యాబ్స్, డీసెంట్ శాంప్లర్, వైటల్ ఉచితంగా దొరుకుతాయి. పియానోకు సలమాండర్ గ్రాండ్ పియానో ఉంది, అదీ ఉచితమే. దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి. వాటితో పాటు వచ్చే వైరస్‌లు లాప్‌టాప్‌లోని పాటలన్నింటినీ తుడిచేయగలవు.

9. రికార్డు నొక్కేముందు వేగం, తాళం పెట్టండి. ఆదితాళానికి 4/4, ఎనిమిది అక్షరాలు రెండు బార్లుగా వస్తాయి. రూపకానికి 3/4, ఖండచాపుకు 5/8, మిశ్రచాపుకు 7/8. అన్నింటినీ 4/4లో పెట్టి వాయిస్తే తరువాత ఒక చరణం కోసి అతికించాలన్నా గీతలు ఎక్కడా కలవవు. మెట్రోనోమ్ ఆన్ చేసి, రెండు బార్లు ముందు లెక్క వచ్చేలా పెట్టుకుని వాయించండి.

10. ఆపాక ఆ ముక్క మీద రెండుసార్లు క్లిక్ చేస్తే స్వరాలు గళ్ల మీద గీతలుగా కనిపిస్తాయి. తప్పు స్వరాన్ని మౌస్‌తో జరపండి, మళ్లీ వాయించనక్కర్లేదు. క్వాంటైజ్ అన్న బటన్ స్వరాలన్నింటినీ తాళం గీతల మీదికి నెడుతుంది. డ్రమ్స్‌కు పూర్తిగా వాడండి. పాటకు, ఆలాపనకు దాన్ని వాడకండి, పాటలోని ఊపిరి పోతుంది. మరీ తడబడిన చోట సగం బలంతో, అంటే 50 శాతంతో సరిచేస్తే చాలు.

ఫోనుతో చేయవచ్చా?

చేయవచ్చు. ఆండ్రాయిడ్‌కు ఓటీజీ తీగ కావాలి. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆఫ్ అవుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆలస్యం ఫోనును బట్టి చాలా మారుతుంది, పైన చెప్పిన 'టక్' పరీక్ష చేసి చూసుకోండి. ఐప్యాడ్, ఐఫోన్‌లలో గ్యారేజ్‌బ్యాండ్‌తో పని సాఫీగా సాగుతుంది. పాత లైట్నింగ్ రంధ్రం ఉన్నవాటికి చార్జరు కూడా పెట్టే వీలున్న కెమెరా అడాప్టరు తీసుకోండి, లేకపోతే కరెంటు చాలదన్న సందేశం వస్తుంది.

మొదటి రోజే చేయాల్సిన తనిఖీ

వెనక్కి ఇచ్చే గడువు ముగియకముందే కీబోర్డును పూర్తిగా పరీక్షించండి. ఎడమ చివరి కీ నుంచి కుడి చివరి వరకు ఒక్కో కీని మూడు రకాలుగా, మెల్లగా, మామూలుగా, గట్టిగా కొడుతూ రికార్డు చేయండి. తరువాత గళ్ల కింద వెలాసిటీ గీతలు చూడండి. చిన్నది, మధ్యస్థం, పెద్దది అని మెట్లు మెట్లుగా కనిపించాలి. ఒక కీకి ఒక్క దెబ్బకు రెండు గీతలు పడినా, ఎంత మెల్లగా నొక్కినా 127 వచ్చినా ఆ కీలో లోపం ఉంది. అన్ని కీలకూ ఒకే అంకె వస్తుంటే అది లోపం కాదు, ఫుల్ లెవెల్ అనో ఫిక్స్‌డ్ వెలాసిటీ అనో ఉన్న బటన్ ఆన్‌లో ఉంది.

బెండ్ చక్రాన్ని పైకి తిప్పి వదలండి, అది ఠక్కున మధ్యకు రావాలి. పక్కనే తంబురా శ్రుతి పెట్టుకుని షడ్జం పట్టుకోండి. చక్రం మధ్యకు వచ్చాక కూడా శ్రుతి కలవకపోతే అది పూర్తిగా వెనక్కి రావడం లేదన్నమాట. పెడల్ తిరగేసి పనిచేస్తుంటే, అంటే తొక్కినప్పుడు ఆగి వదిలినప్పుడు మోగుతుంటే, కీబోర్డు ఆఫ్ చేసి, పెడల్ ప్లగ్గు పెట్టి, కాలు దాని మీద లేకుండా మళ్లీ ఆన్ చేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ట్రాన్స్‌పోజ్ మరిచిపోవడం మన దగ్గర అన్నింటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. గాయని శ్రుతి 5, అంటే జి. వాయించేవాళ్లకు సి మీదే చేయి అలవాటు, అందుకని కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ నొక్కి వాయిస్తారు. రికార్డయ్యేది మారిన స్వరమే. మరునాడు కీబోర్డు ఆన్ చేస్తే చాలా వాటిలో ట్రాన్స్‌పోజ్ సున్నాకు వచ్చి ఉంటుంది, కొత్తగా వాయించిన చరణం పల్లవితో కలవదు. మీరు ఆ అలవాటు మానలేకపోతే కీబోర్డు మీద సున్నా ఉంచి, సాఫ్ట్‌వేర్‌లో ట్రాకు మీద ట్రాన్స్‌పోజ్ పెట్టండి. అది ప్రాజెక్టుతో పాటే సేవ్ అవుతుంది. ఆక్టేవ్ బటన్లదీ ఇదే కథ. పిల్లలు నొక్కి వెళితే కొన్ని కీలు అసలు పలకవు, కీబోర్డు చెడిపోయిందనిపిస్తుంది. ప్లస్, మైనస్ రెండూ కలిపి నొక్కితే చాలా మోడళ్లలో మొదటికి వస్తుంది.

మధ్య సి కీని ఒక కంపెనీ సి3 అంటుంది, మరో కంపెనీ సి4 అంటుంది. అంకె రెండింటిలోనూ 60. పేరు చూసి కంగారు పడకండి.

"వేరే ప్రోగ్రామ్ వాడుతోంది" అన్న సందేశం వస్తే, బ్రౌజరు సహా కీబోర్డును పట్టుకుని ఉన్న ఇతర ప్రోగ్రాములన్నీ మూసేయండి. విండోస్ పాత రూపాల్లో చాలా కీబోర్డులను ఒక సమయంలో ఒక్క ప్రోగ్రామే వాడుకోగలదు. రీపర్ తెరిచాక తీగ పెట్టి, కనిపించడం లేదని వెతకడం ఇంకొకటి. ముందు తీగ, తరువాత సాఫ్ట్‌వేర్. ఏదైనా స్వరం ఆగకుండా మోగుతూనే ఉంటే ఆ కీని మరోసారి నొక్కి వదలండి, అప్పటికీ ఆగకపోతే ఆల్ నోట్స్ ఆఫ్ ఇవ్వండి.

వేడి, దుమ్ము, కరెంటు

మన జిల్లాల్లో ఈ మూడింటినీ లెక్కలోకి తీసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో లాప్‌టాప్ వేడెక్కి తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పుడు ఉదయం లేని చిటచిటలు మొదలవుతాయి. బరువైన ట్రాకులను ఫ్రీజ్ చేయండి (అంటే ఆడియోగా మార్చి ఉంచండి), లేదా పని ఉదయానికి మార్చుకోండి. కరెంటు పోయినప్పుడు భయం లేదు, యూఎస్‌బీతో నడిచే కీబోర్డు, ఇంటర్‌ఫేస్ రెండూ లాప్‌టాప్ బ్యాటరీ మీదే నడుస్తాయి. కానీ బ్యాటరీ మీదికి రాగానే విండోస్ పొదుపు మొదలుపెడుతుంది. పవర్ సెట్టింగ్స్‌లో హై పెర్ఫార్మెన్స్ పెట్టి, యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి.

చార్జరు పెట్టినప్పుడే హెడ్‌ఫోన్‌లో గుయ్యిమని వినిపిస్తే, లాప్‌టాప్ లోహపు అంచు ముట్టుకుంటే జిమ్మనిపిస్తే అది ఎక్కువగా ఎర్తింగ్ లోపం. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మూడు పిన్నుల సాకెట్‌లో ఎర్త్ ఉందో లేదో చూపించండి. గుయ్యిమనే శబ్దం పోతుందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేవాళ్లు ఉన్నారు. ప్రాణం మీదికి వస్తుంది, ఆ పని ఎప్పుడూ చేయకండి.

అనంతపురం వైపు గాలికి లేచే సన్నని దుమ్ము కీల సందుల్లోకి దిగి, లోపలి రబ్బరు పట్టీల మీద పేరుకుంటుంది. అప్పుడే కీలు ఒక్కసారికి రెండుసార్లు పలకడం మొదలుపెడతాయి. వాడనప్పుడు నూలు గుడ్డ కప్పండి. తడి గుడ్డతో గట్టిగా తుడవకండి, కీల మీద నేరుగా ఏ ద్రవమూ చల్లకండి. మెత్తని బ్రష్షు చాలు.

పాట పూర్తయ్యాక ప్రాజెక్టు ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కులో దాచండి. ఎవరికైనా మిక్సింగ్‌కు పంపాలంటే ప్రాజెక్టు ఒక్కటే పంపితే సరిపోదు. మీ దగ్గరున్న వాద్యాలు వాళ్ల దగ్గర ఉండవు కనుక అక్కడ పాట మూగగా తెరుచుకుంటుంది. ఒక్కో ట్రాకును మొదటి బారు నుంచే మొదలయ్యేలా 24 బిట్ వేవ్ ఫైలుగా రెండర్ చేసి, ఫైలు పేరులో వాద్యం, పాట వేగం, శ్రుతి రాసి పంపండి.